1997 గెలుపు, 2020 ఓటమి: రెండూ మన పాఠాలే

 

మేము హాస్టల్ వార్డెన్లం. పగలు బడిలో చెప్పిన పాఠాన్ని సాయంత్రం స్టడీ అవర్‌లో మళ్లీ చదివిస్తాం. సాంఘికశాస్త్రంలో న్యాయవ్యవస్థ పాఠం వచ్చినప్పుడు మాకు ఒక ఇబ్బంది. పుస్తకంలో కోర్టుల మెట్లు ఉంటాయి: కింద జిల్లా కోర్టు, దాని మీద హైకోర్టు, పైన సుప్రీంకోర్టు. కానీ ఏజెన్సీలో మన భూమి కేసు ఆ మొదటి మెట్టు మీద మొదలు కాదు. 1/70 కింద కేసు ముందు గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ దగ్గర నడుస్తుంది. ఇది తెలియక వేరే ఆఫీసుల చుట్టూ తిరిగిన అమ్మానాన్నలు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. అందుకే ఆ పాఠానికి మన కేసుల చరిత్రను కలిపి చెబుతున్నాం.

మొదటిది 1/70. 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970 సవరణతో షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మడానికి లేకుండా పోయింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదంటే నిరూపించుకోవలసింది అతనే. ఈ సవరణ చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది సమత కేసు. విశాఖ ఏజెన్సీలో, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో, ప్రైవేటు వాళ్లకు గనుల లీజులు ఇచ్చారు. సమత సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో గెలిచింది. ఆ రోజు పిల్లలకు బోర్డు మీద ఒకే మాట రాశాం: 'వ్యక్తి'. గిరిజనేతర వ్యక్తికి భూమి ఇవ్వకూడదని చట్టం అంటుంది. ఇస్తున్న ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో 'వ్యక్తే'నని, అది కూడా గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదని కోర్టు తేల్చింది. ఒక్క మాట అర్థం మీద కొండలు నిలబడ్డాయి.

అప్పుడొక పదో తరగతి అమ్మాయి లేచి అడిగింది: "మేడం, కోర్టు మన వైపే ఉంటే మరి జీవో 3 ఎట్ల పోయింది?"

ఆ పిల్లకు టీచర్ కావాలని ఆశ. ఏజెన్సీ బడులకు టీచర్లు సరిగా రావడం లేదని, అక్కడి టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇస్తూ 2000 జనవరిలో జీవో 3 తెచ్చారు. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతులతో నిలిచాయి. తర్వాతివాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

ఆ పిల్లకు మేము అబద్ధం చెప్పలేదు. కోర్టు మన వైపని గానీ, మనకు ఎదురని గానీ అనలేదు. ఇద్దరం కలిసి అయిదో షెడ్యూలు తెరిచాం. భూమి నిబంధనలు అందులోని 5(2) పేరా కింద, రాష్ట్రపతి ఆమోదంతో వచ్చాయి. జీవో 3 అయితే 5(1) కింద ఇచ్చింది. చట్టసభలు చేసిన చట్టాన్ని అక్కడ వర్తించకుండా చేయడానికో, మార్పులతో వర్తింపజేయడానికో ఆ పేరా ఉంది గానీ కొత్త చట్టం చేయడానికి కాదని, నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని కోర్టు అంది. తీర్పు మనకు కష్టం కలిగించింది, నిజమే. అయితే అడగవలసింది ఏమిటో కూడా అక్కడే ఉంది: గట్టి పునాది మీద, కోర్టులో నిలబడే చట్టం. కోపంతో ఆగిపోతే ఈ సంగతి కనపడదు.

ఇక మన దగ్గరి సంగతి. ములుగు జిల్లా మంగపేట మండలంలోని 23 గ్రామాలు షెడ్యూల్డ్ ఏరియాలో లేవంటూ ఏళ్ల తరబడి కేసు నడిచింది. అవి అయిదో షెడ్యూలు కిందివేనని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అదే ఏడాది మన హైకోర్టు తెలుగులో కూడా తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు తీర్పులకు తెలుగు అనువాదాలు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. మీ చేతిలోని ఫోన్‌లోనే చదువుకోవచ్చు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు మూడు పనులు అప్పజెబుతున్నాం. మీ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందో లేదో తెలుసుకోండి. ఇంట్లో ఉన్న పట్టా, పాత పహాణీ, కోర్టు కాగితం ఒక సంచిలో భద్రం చేయండి. ఏడాదికి ఒక్క తీర్పైనా పదిమంది కూర్చుని చదవండి, ఓడిపోయినదైనా సరే.

ఆ అమ్మాయి ఇప్పుడు లా చదువుతానంటోంది. టీచర్ అయినా, లాయర్ అయినా మాకు సంతోషమే.