ట్యాంకర్ స్టీరింగ్ పట్టాలంటే

విశాఖ రిఫైనరీ నుంచి బయల్దేరే పెట్రోల్ ట్యాంకర్‌ని నడపడానికి మామూలు లారీ లైసెన్సు ఒక్కటే సరిపోదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో తొమ్మిదో నియమం ప్రకారం, ప్రమాదకర సరుకు తోలే డ్రైవరు ప్రత్యేక శిక్షణ పొంది సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆర్టీఓ ఆఫీసులో దాన్ని చూపి, లైసెన్సు మీద ఆ మేరకు నమోదు చేయించుకోవాలి. మామూలు రవాణా లైసెన్సు గడువు అయిదేళ్లు. వీళ్లకు మూడేళ్లే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణకు ముందయితే ఏడాదే!

రాజ్యాంగం గుర్తించిన ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. నిబంధన కాస్త కఠినమే అనిపిస్తుంది గానీ, కారణం ఉంది. బండిలో ఏముంది, అది కారితే ఏం చేయాలి, నీళ్లు కొట్టవచ్చా లేదా అన్న వివరాలు కాగితం మీద రాసి క్యాబిన్‌లోనే ఉంచాలి. ప్రమాదం జరిగితే వెంటనే దగ్గరి పోలీసు స్టేషనుకి, యజమానికి కబురు చేయాల్సింది కూడా డ్రైవరే.

ట్యాంకరు మీద కనిపించే అంకెల పలక అలంకారం కాదు. 1203 అంటే పెట్రోల్, 1075 అంటే వంటగ్యాస్, 1017 అంటే క్లోరిన్. అగ్నిమాపక సిబ్బంది ముందు చూసేది దాన్నే. కొన్ని బండ్ల మీద అది మట్టికొట్టుకుపోయి కనబడదు. యజమానులారా, ఒక్క తడిగుడ్డ చాలు. నమస్కారం.