పనివాని పాటకు కావ్యపీఠము



1920 దశకమున న్యూయార్కు నగరపు హార్లెం పేటలో నల్లజాతి కవులకు ఒక ధర్మసందేహము కలిగినది. తమవారి పాటను కవితలోనికి తేవలెనా? లేక పెద్దలు మెచ్చిన ఛందస్సులకే కట్టుబడవలెనా?

లాంగ్‌స్టన్ హ్యూస్ పాటనే ఎన్నుకొనెను. ఆతనికి ఆధారము బ్లూస్ అను జానపద గానము. దాని కట్టడి సులభము: మొదటి పాదమున బాధ చెప్పుదురు, రెండవ పాదమున దానినే మరల పాడుదురు, మూడవ పాదమున దానికి జవాబు వచ్చును. ఆ జవాబులో తరచుగా నవ్వు కూడ ఉండును. ఏడ్పును నవ్వుతో భరించుటయే ఆ పాటకు జీవము.

1926లో ‘ది వేరీ బ్లూస్’ సంపుటము వెలువడగా, తోటి కవి కౌంటీ కల్లెన్ అందలి జాజ్ గీతములు ఉత్తమ కవిత్వమగునా యని శంకించెను. కీట్సును ఆరాధించి, ఆ మార్గమున సమర్థముగా వ్రాసినవాని శంక అది. తేలికగా త్రోసివేయదగినది కాదు. నల్లవాడని కాక కేవలము కవి యనిపించుకొనవలెనను కోరికలో స్వజాతిని తప్పించుకొను కోరిక దాగియున్నదని హ్యూస్ ఆ యేటనే ఒక వ్యాసమున వాదించెను. 1958లో చార్లెస్ మింగస్ వాద్యబృందముతో తన కవితలు చదివి రికార్డు చేసెను.

ఆ లయ అలంకారముగా వచ్చినది కాదు. ఎలివేటరు నడుపు కుర్రవానిని, తమ్మపడిగలు తోము నౌకరును వెంటబెట్టుకొని కావ్యమున ప్రవేశించినది.