చేదు మాటకు తీపి పేరు

మనకు నాలుకను, దానికి కాపలాగా రెండు పెదవులను ప్రసాదించిన అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) వారిపై దరూద్, సలామ్ పంపుతూ ఈ ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము.



మనలో అనేకులకు రెండు భాషలు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. మనసును గాయపరచే మాటకు ఈ రెండు భాషలలోనూ ఎన్నో పేర్లున్నాయి. కోపంలో నోరు జారితే అది తిట్టు, ఉర్దూలో గాలీ. ఎదుటివాని నాశనాన్ని కోరితే శాపనార్థం, బద్దుఆ. పాత తప్పునో, చేసిన మేలునో పదే పదే ఎత్తి చూపితే దెప్పిపొడుపు, తానా. ఒకరి మాటను మరొకరికి మోసి తగవు పెడితే చాడీ, చుగ్లీ. మాటిమాటికీ గుచ్చుతూ ఉంటే సూటిపోటి మాటలు. పెద్దలు ఇన్ని పేర్లు పెట్టింది ఊరికే కాదు. ఒక్కొక్క మాట చేసే గాయం ఒక్కొక్క రకం.

దివ్య ఖుర్‌ఆన్ కూడా వీటన్నింటినీ ఒకే గాట కట్టలేదు. అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు ఎగతాళిని, ‘లమ్జ్’ను అంటే ఎత్తిపొడుపును, ‘తనాబుజ్’ను అంటే కించపరచే మారుపేర్లు పెట్టడాన్ని విడివిడిగా నిషేధించింది. ఎత్తిపొడుపు విషయంలో అక్కడి పదప్రయోగం గమనించదగినది. సోదరుణ్ణి ఎత్తిపొడిచినవాడు తనను తానే పొడుచుకున్నట్లు అది తెలుపుతుంది. ఆ తరువాతి ఆయతు ‘గీబత్’ను, అంటే పరోక్ష నిందను, చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది.

సోదరులారా! ఇతరుల నోట వచ్చిన చేదు మాటకు మనం అసలు పేరే పెడతాము. వాడు తిట్టాడంటాము, ఆమె దెప్పిందంటాము. అదే మాట మన నోట వస్తే పేరు మారిపోతుంది. మన తిట్టు ‘మందలింపు’ అవుతుంది. మన ఎగతాళి ‘మజాక్’ అవుతుంది. మన దెప్పిపొడుపు ‘గుర్తు చేయడం’ అవుతుంది. కటువుగా మాట్లాడే అలవాటుకు ‘ముక్కుసూటితనం’ అనీ, ‘ఖరీ బాత్’ అనీ బిరుదులు తగిలించుకుంటాము. విషం సీసాకు తేనె చీటీ అంటించినంత మాత్రాన లోపలి విషం తేనె అవుతుందా?

‘నేను ఉన్నమాటే కదా అన్నాను’ అనేవారున్నారు. ఈ సాకును దైవప్రవక్త (స) ఏనాడో తోసిపుచ్చారు. లేని లోపాన్ని అంటగడితే అది ‘బుహ్తాన్’, అంటే అభాండం. ఉన్న లోపాన్నే వెనుక చెప్పుకుంటే, అదే గీబత్ అని ఆయన వివరించారు. ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ సఫియ్యా (రజి) గారి పొట్టితనాన్ని ఎత్తి మాట్లాడారు. అన్నది అబద్ధం కాదు. అయినా ఆ ఒక్క మాట సముద్రంలో కలిపితే సముద్రపు నీటినే మార్చివేయగలదని ప్రవక్త (స) హెచ్చరించారు. తమకు అత్యంత ప్రియమైన ఇల్లాలినే ఆయన ఇలా హెచ్చరించారంటే, మన నాలుకల సంగతి మనమే ఆలోచించుకోవాలి.

ఇక దెప్పిపొడుపు. దానం చేసి, ఆ మేలును ఎత్తిచూపుతూ మనసు నొప్పించేవాని దానం వ్యర్థమవుతుందని అల్ బఖరా సూరా 264వ ఆయతు తెలుపుతుంది. నున్నని బండపై పలుచగా ఉన్న మన్ను జడివానకు కొట్టుకుపోయినట్లు ఆ పుణ్యం కొట్టుకుపోతుంది. తమ్ముణ్ణి చదివించిన అన్న, కూతురి పెళ్ళి చేసిన తండ్రి, అత్తమామలకు సేవ చేసిన కోడలు ఈ మాటను గుర్తుంచుకోవాలి. ఏళ్ళ తరబడి కూడబెట్టిన పుణ్యాన్ని ఒక్క తానా తుడిచివేయగలదు.

మా సంగతి కూడా చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం మక్తబ్‌లో పిల్లలకు ఖాయిదా చెప్పే రోజులలో, అక్షరం పలకలేక తడబడిన ఒక పిల్లవాణ్ణి అందరి ముందు ఒక జంతువు పేరుతో పిలిచాము. పిల్లలు నవ్వారు. క్రమశిక్షణ నేర్పుతున్నామనుకున్నాము. ఆ పేరు అతనికి అతుక్కుపోయింది. కొద్ది రోజులకు అతను రావడం మానేశాడు. ఎన్నో ఏళ్ళ తరువాత ఒక పెళ్ళిలో ఎదురై, అదబ్‌తో సలాం చేసి, ‘హజ్రత్, ఆ పేరు మా వీధిలో ఇంకా బతికే ఉంది’ అని మాత్రం అన్నాడు. హుజురాత్ సూరాను మేము ఎన్నోసార్లు బోధించాము. అది మమ్మల్ని కూడా ఉద్దేశించినదేనని ఆనాడు తెలిసింది. అతని చేతులు పట్టుకొని క్షమాపణ కోరాము. అతను క్షమించాడు. కాని మా మాట వల్ల అతను చదవకుండా పోయిన ఖుర్‌ఆన్‌కు మేము ఏమని జవాబు చెప్పగలము?

అలాగని చెడును చెడు అనకూడదని కాదు. అన్యాయానికి గురైనవాడు తన బాధను ఎలుగెత్తి చెప్పుకునేందుకు అన్నిసా సూరా 148వ ఆయతు అనుమతినిచ్చింది. సత్యం చెప్పవలసిందే. అయితే ఫిర్‌ఔన్ వంటి దుర్మార్గుని వద్దకు సైతం మృదువైన మాటతోనే వెళ్ళమని అల్లాహ్ హజ్రత్ మూసా, హజ్రత్ హారూన్ (అలై) లను ఆదేశించాడు. ఫిర్‌ఔన్‌కు చూపమన్న మృదుత్వం మన భార్యకు, మన బిడ్డకు, మన దుకాణంలో పనిచేసే కుర్రవానికి చూపలేమా?

ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ మూటగట్టుకొని వచ్చి కూడా దివాలా తీసేవాని గురించి ప్రవక్త (స) తెలిపారు. అతను ఒకరిని తిట్టి ఉంటాడు, మరొకరిపై నింద మోపి ఉంటాడు, వేరొకరి హక్కు కాజేసి ఉంటాడు. అతని పుణ్యాలు వారికి పంచబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు అతనిపై వేయబడతాయి.

కనుక ఈ రాత్రి ఇషా తరువాత కొంతసేపు కూర్చొని, ఈ వారం మనం అన్న మాటలను తలచుకుందాము. ఒక్కొక్కదానికి దాని అసలు పేరు పెడదాము. తిట్టును తిట్టు అందాము, తానాను తానా అందాము. తరువాత అల్లాహ్ ఎదుట తౌబా చేసి, ఆ మాట తగిలిన మనిషి వద్దకు వెళ్ళి క్షమాపణ అడుగుదాము. మన ఇంటివారే అయితే తెల్లవారేదాకా ఆగనక్కరలేదు.

అల్లాహ్ మన నాలుకలను గాయపరచే మాటల నుండి కాపాడుగాక! మన మాటల వల్ల నొచ్చుకున్న హృదయాలకు ఊరటనిచ్చుగాక! ఆమీన్.