విడాకులు జరిగాయి సరే, కాగితమేది?

(సిద్దిపేటలో మహిళలకు, సంఘ కార్యకర్తలకు ఏర్పాటైన న్యాయ అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను మాట్లాడదలచినది ఒక కాగితం గురించి. మన ఊళ్లలో తరచుగా ఎదురయ్యే పరిస్థితి ఒకటి చెబుతాను. ఏళ్ల క్రితం భర్త తలాఖ్ చెప్పాడు. పదిమంది పెద్దలు విన్నారు. ఆడపిల్ల పుట్టింటికి వచ్చేసింది. రాతకోతలేవీ జరగలేదు. ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది. నిఖా చదివించవలసిన ఖాజీ సాహెబ్ న్యాయంగానే అడిగాడు: "మొదటి వివాహం రద్దయినట్లు రుజువు ఏదమ్మా?" నాడు విన్న పెద్దల్లో కొందరు కాలం చేశారు, కొందరు ఊరు విడిచారు. ఒంటరి మహిళల పింఛనుకు వెళ్లినా అదే ప్రశ్న. ఆమె భార్యా కాదు, విడాకులు పొందిన స్త్రీగా చూపుకొనే ఆధారమూ లేదు.

దీన్ని చిన్న చిక్కు అనుకోకండి. మొదటి వివాహం చట్టం దృష్టిలో నిలిచి ఉండగా ముస్లిం స్త్రీ మరో వివాహం చేసుకుంటే ఆ వివాహం చెల్లదు. పైగా అది శిక్షార్హమైన నేరం. ఆధారం లేని పాత విడాకులు రేపు ఆమె మీదనే కేసుగా మారే ప్రమాదం ఉంది.

మన దేశంలో జనన మరణాలకు రిజిస్టరు ఉన్నట్లు విడాకులకు ఒక ఉమ్మడి రిజిస్టరు లేదు. కాబట్టి విడాకులు ఏ దారిన జరిగాయో, కాగితాన్ని ఆ దారిలోనే వెతకాలి.

మొదటి దారి తలాఖ్. ఒకే ఊపిరిలో మూడుసార్లు చెప్పే తలాఖ్ చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో తీర్పు చెప్పింది. 2019 నాటి చట్టం దానిని మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించదగిన నేరంగా చేసింది. షరీఅత్ చెప్పిన క్రమంలో, గడువులు పాటించి ఇచ్చిన తలాఖ్ అయితే తలాఖ్‌నామా, సాక్షుల సంతకాలు, ఖాజీ వద్ద నమోదు ముఖ్యం. నిఖా చదివించిన ఖాజీ దఫ్తరులో మొదట విచారించండి. హైదరాబాదు నాంపల్లి హజ్ హౌస్‌లోని రాష్ట్ర వక్ఫ్ బోర్డులోనూ అడగండి. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. 1880 నాటి ఖాజీల చట్టం ఖాజీకి న్యాయాధికారం ఏదీ ఇవ్వలేదు. ఆయన ఇచ్చిన పత్రం మంచి సాక్ష్యమే, కానీ అవతలి పక్షం కాదంటే తేల్చవలసినది కోర్టు.

రెండవ దారి ఖులా. ఇందులో మన తెలంగాణ హైకోర్టు 2025 జూన్ 24న ఇచ్చిన తీర్పు ప్రతి ఇంటికీ తెలియాలి. ఖులా కోరడం స్త్రీకి ఉన్న సంపూర్ణ హక్కు అనీ, భర్త అంగీకారం మీద అది ఆధారపడదనీ న్యాయమూర్తులు మౌషుమీ భట్టాచార్య, బి.ఆర్. మధుసూదనరావు స్పష్టం చేశారు. ముఫ్తీ ఇచ్చే ఖులానామా తప్పనిసరి కాదు, ఆయన అభిప్రాయం సలహా మాత్రమే. ఫ్యామిలీ కోర్టు పరిశీలించి వేసే ముద్రే ఇరుపక్షాలనూ కట్టుబడి ఉండేలా చేస్తుంది.

మూడవ దారి కోర్టు డిక్రీ. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద స్త్రీ కోర్టుకు వెళ్లవచ్చు. భర్త నాలుగేళ్లుగా ఆచూకీ లేకపోవడం, రెండేళ్లు పోషణ ఇవ్వకపోవడం, క్రూరత్వం వంటివి అందుకు కారణాలు. ఆచూకీ లేని కారణంతో వచ్చిన డిక్రీ మాత్రం ఆరు నెలల తరువాతనే అమలులోకి వస్తుంది. ఆ తేదీని చూసుకోకుండా మరో నిఖాకు తొందరపడరాదు.

ఇక కోర్టు కాగితం పోయినవారి సంగతి. ముందుగా, కేసు ఏ కోర్టులో నడిచిందో తెలుసుకోవాలి. మన సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. ప్రత్యేక న్యాయ జిల్లాగా 2022 జూన్ 2 నుండి పనిచేస్తున్నది. అంతకు ముందు మనది ఉమ్మడి మెదక్, జిల్లా కోర్టు సంగారెడ్డిలో. కనుక పాత కేసు అయితే సిద్దిపేటలో దొరకలేదని నిరాశ చెందక సంగారెడ్డిలోనూ విచారించండి. హుస్నాబాద్ వైపు వారు కరీంనగర్, చేర్యాల వైపు వారు వరంగల్ ఉమ్మడి జిల్లా కోర్టులనూ మరువకండి.

భార్యాభర్తల పూర్తి పేర్లు, తండ్రుల పేర్లు, సుమారు సంవత్సరం, వకీలు పేరు ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి. కేసు నంబరు తెలిస్తే పని సులభం. తెలియకపోతే ఈ-కోర్ట్స్ సేవలో పక్షకారుల పేరు, సంవత్సరంతో వెతకవచ్చు. అక్కడ దొరికే పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరును రాసుకోండి. కానీ ఫోనులో కనిపించిన పేజీ ప్రింటు రుజువుగా చెల్లదు. కోర్టులో నకలు దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లించి, ముద్ర వేసిన ధ్రువీకృత నకలు తీసుకోవాలి. తీర్పు, డిక్రీ రెండింటి నకళ్లూ అడగండి. కేసులో పక్షకారులకు అది హక్కు. ఇతరులు అయితే కారణం చెబుతూ ప్రమాణపత్రంతో అనుమతి కోరవలసి ఉంటుంది. కాబట్టి అన్నగారో మేనమామో ఒక్కరే వెళ్లడం కంటే ఆ సోదరిని వెంట తీసుకువెళ్లడం మేలు.

ఏ కాగితమూ లేనివారికి కూడా తలుపు మూసుకుపోలేదు. ఒక వ్యక్తి వైవాహిక స్థితిని ప్రకటించే అధికారం 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఇచ్చింది. బతికి ఉన్న సాక్షులను తీసుకొని, తన వివాహం రద్దయినట్లు ప్రకటించమని కోరవచ్చు. వకీలు ఫీజుకు భయపడనక్కర లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.

కాగితంలో తేదీ ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. ఇద్దత్ లెక్క, మెహర్, భరణం అన్నీ ఆ తేదీతో ముడిపడి ఉంటాయి. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద భరణం కోరవచ్చునని సుప్రీంకోర్టు 2024 జూలై 10న తీర్పునిచ్చింది. ఆ కేసు వెళ్లింది మన తెలంగాణ నుంచే.

సోదరులారా! అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఎంతో వివరంగా ఆదేశించింది. అత్తలాఖ్ సూరాలో విడిపోయే వేళ న్యాయవర్తనులైన ఇద్దరు సాక్షులు ఉండాలన్నది. గజం జాగా కొన్నా దస్తావేజు లేనిదే కదలని మనం, బిడ్డ బతుకు విషయంలో నోటిమాటతో సరిపెట్టడం ఏ న్యాయం?

ప్రతి మసీదు కమిటీకి నా మనవి ఒక్కటే. మీ మొహల్లాలో ఇలా కాగితం లేక ఆగిపోయిన సోదరీమణులు ఎందరున్నారో గుట్టుగా తెలుసుకోండి. సాక్షులు బతికి ఉండగానే వారి వాంగ్మూలం రాయించండి. వారానికి ఒక్కరోజు, చదువుకున్న ఒక్క యువకుడో యువతో వారితో కోర్టు వరకు నడిస్తే చాలు. నిఖా రోజున పెళ్లి పందిరి వేయడానికి వచ్చిన మనం, విడిపోయిన రోజున కూడా ఆ బిడ్డ పక్కన నిలబడాలి.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.