పిల్లికి లంఖణం పనికిరాదు



ఎద్దు నెమరు వేయకపోతే ఆ పూటే పశువుల ఆస్పత్రికి పరుగెత్తుతాము. గేదె పాలు తగ్గితే ఇంటిల్లిపాదీ కంగారు పడతాము. పిల్లి తిండి మానివేస్తే మాత్రం, "ఎక్కడో ఎలుకను మింగి ఉంటుంది, ఆకలైతే అదే తింటుందిలే" అని ఊరుకుంటాము. గాదెలో గింజ నిలవడంలో దాని కాపలా కూడా ఉన్నది గదా! ఆ పిల్లికి వచ్చే కాలేయపు జబ్బును గురించి ఈరోజు చెప్పుకుందాము.

కాలేయము, అంటే మన వాడుకలో కార్జం, పక్కటెముకల చాటున ఉంటుంది. పైత్యరసం తయారుచేయడం, ఒంట్లో చేరిన విషాలను విరిచివేయడం దాని పనులు. అది చెడినప్పుడు చాలావరకు మొదట కనిపించే గుర్తు కామెర్లు కాదు, తిండి సహించకపోవడం. పిల్లి మూల చేరి ముడుచుకొని పడుకుంటుంది. వాంతి చేసుకుంటుంది, చొంగ కారుస్తుంది. వీపు తడిమితే ఎముకలు చేతికి తగులుతాయి.

పసుపు తరువాత వస్తుంది. దీపం వెలుతురులో అది తెలియదు. పగటిపూట వాకిట్లోకి తెచ్చి చెవి లోపలివైపు, కంటి తెల్లగుడ్డు, చిగుళ్ళు, అంగిలి చూడండి. పసుపు కనబడినంత మాత్రాన కాలేయమే చెడిందనుకోరాదు సుమండీ. రక్తకణాలు విరిగిపోయినా ఒళ్ళు పచ్చబడుతుంది, అప్పుడు చిగుళ్ళు బాగా పాలిపోతాయి. ఏది ఏదో రక్తపరీక్ష చేసి పశువైద్యుడే తేల్చాలి.

ఇక అసలు సంగతి. లంఖణం పరమౌషధం అంటారు పెద్దలు. మనిషి మాట ఎట్లా ఉన్నా, పిల్లికి అది ప్రాణాంతకం కావచ్చును. పంటి నొప్పి వల్లనో, జ్వరం వల్లనో, మనం ఊరికి పోతూ చూసుకోకుండా కొట్టుగదిలో పెట్టి తాళం వేయడం వల్లనో పిల్లి కొన్ని రోజులు పస్తున్నదనుకోండి. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. దానిని అక్కడినుంచి బయటికి పంపాలంటే మాంసకృత్తులు కావాలి. అవి తిండిలోనుంచే రావాలి. ధాన్యం బళ్ళు వరుసగా వచ్చి కొట్టులో దించుతున్నాయి, బయటికి మోసే కూలీ ఒక్కడూ లేడు, ఆ కొట్టు గతి ఏమౌతుంది? కాలేయమూ అట్లాగే కొవ్వుతో కిక్కిరిసిపోతుంది. అప్పుడు తిండి వాసనకే పిల్లికి వికారం పుట్టి మరింత మానివేస్తుంది. బాగా బలిసిన పిల్లికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. "కండ పట్టి ఉన్నది, నాలుగు రోజులు తినకపోతే నష్టమేమి" అనే మాట ఇక్కడ చెల్లదు.

దీనికి ముఖ్యమైన వైద్యం ఆహారమే. వైద్యుడు గొట్టం వేసి కొన్ని వారాలపాటు తిండి ఎక్కించవలసి రావచ్చు. వేళకు మొదలుపెడితే చాలా పిల్లులు కోలుకుంటాయి. కనుక పూర్తిగా ఒక రోజు ఏమీ ముట్టకపోతే ఆస్పత్రికి తీసుకుపోండి. ఈలోగా గోరువెచ్చని ఉడికించిన చేప గాని, కోడిమాంసం గాని ముందు పెట్టి చూడండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలనీయకండి. బలవంతాన నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కామెర్ల పసరు పోయడం, వాతలు పెట్టడం అసలే వద్దు.

మరొక హెచ్చరిక. ఒళ్ళు వెచ్చగా ఉన్నదని పారాసెటమాల్ బిళ్ళ వేయకండి. మనకు పనిచేసే ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి చాలు దాని ప్రాణం తీయడానికి. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఆడదు. తెలియక ఎవరైనా వేసి ఉంటే గుర్తుల కోసం ఎదురుచూడక వెంటనే బయలుదేరండి.

గ్రామాల్లో పనిచేసే పశుసంవర్ధక సహాయకులు కూడా పిల్లి విషయం వచ్చినప్పుడు ముందుగా "తిండి మాని ఎన్నాళ్ళయింది?" అని అడగాలి. రైతులు పిల్లిని గాలి ఆడే గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి తీసుకురండి. ఏ రోజున తిండి మానింది, ఇంట్లో ఏ మందు వేశారు, చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టారా, ఈ మూడూ దాచకుండా డాక్టరుగారికి చెప్పండి.