పిల్లల కంచం దాకా చేరుతున్న పురుగుమందు

(రైతు సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ గిట్టుబాటు ధర గురించీ, పంట రుణాల గురించీ, కౌలు రైతుల కార్డుల గురించీ మాట్లాడుకున్నాం. భోజనాలకు లేచే ముందు ఇంకొక్క సంగతి. ఇది మన ఇళ్లలో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లల సంగతి.

మనలో చాలామందిమి ఇంటి వాడకానికి వేరే మడి పెట్టుకుంటాం. రెండు సాళ్లు బెండ, నాలుగు వంగ మొక్కలు. వాటికి మందు కొట్టం. బజారుకు పోయే చేలో మాత్రం సాయంత్రం కొట్టి తెల్లారి కోస్తాం. ఈ మాట ముందు మనమే ఒప్పుకోవాలి. మరి మన పిల్లలు ఇప్పుడు ఇంట్లో తింటున్నారా? గురుకులంలోనో, హాస్టల్లోనో, పట్నంలో కాలేజీ మెస్సులోనో తింటున్నారు. అక్కడ వండేది మన వేరే మడిలో కూర కాదు. మనం బజారుకు పంపిందే, మనలాంటి ఇంకో రైతు పంపిందే.

పన్నెండు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల ఒళ్లు మారుతుంది. ఎత్తు పెరగడం, మగపిల్లల గొంతు మారడం, ఆడపిల్లలు పెద్దమనుషులు కావడం, అన్నిటినీ హార్మోన్లే నడుపుతాయి. ఇవి రక్తంలో చాలా కొద్ది మోతాదులో ఉండి పనిచేస్తాయి. కొన్ని రసాయనాలు హార్మోన్ల మాదిరే ప్రవర్తించో, వాటి దారికి అడ్డుపడో ఆ పని చెడగొడతాయి. పురుగుమందు తాగిన మనిషి అక్కడే పడిపోతాడు, కంటికి కనబడుతుంది. ఇది అట్లా కనబడదు.

కేరళలోని కాసరగోడు జిల్లాను చూడండి. అక్కడి ప్రభుత్వ రంగ జీడిమామిడి తోటలపై 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. మందు తోటల మీదే ఆగలేదు, వాగుల్లోకీ ఊళ్లలోకీ దిగింది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి 10 నుంచి 19 ఏళ్ల బడిపిల్లల్ని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. మందు తగలని ఊరి పిల్లలతో పోలిస్తే ఇక్కడి మగపిల్లల్లో యుక్తవయసు మార్పులు ఆలస్యమయ్యాయని, వయసుకు ఉండాల్సినంత టెస్టోస్టెరాన్ లేదని తేల్చారు. 2011 మే 13న సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకం ఆపించింది. అప్పటిదాకా పత్తికీ, కందికీ, మిరపకూ మనమూ దాన్ని డబ్బాలకు డబ్బాలు కొట్టినవాళ్లమే.

ఎండోసల్ఫాన్ పోయింది, కథ పోలేదు. తెగుళ్లకు మనం వాడే మాంకోజెబ్‌నే తీసుకోండి. అది విరిగి మిగిల్చే పదార్థం థైరాయిడ్ మీద పనిచేస్తుంది. హార్మోన్లను చెడగొట్టే గుణం ఉందన్నది కూడా ఒక కారణంగా యూరప్ దేశాలు దాని అనుమతి పొడిగించలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2020లో 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చింది. మాంకోజెబ్, క్లోరిపైరిఫాస్ అందులో ఉన్నవే. 2023కు వచ్చేసరికి డైకోఫాల్, డైనోకాప్, మిథోమిల్, మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రవం, ఈ నాలుగింటి దగ్గర ఆగింది. మిగతావాటిలో చాలా మందులు దుకాణాల్లోనే ఉన్నాయి.

ఇది రైతును ముద్దాయిని చేసే మాట కాదు. ఏ పురుగుకు ఏ మందో చెప్పాల్సిన వ్యవసాయాధికారి ఊరికి రాడు. అప్పు పెట్టేదీ, సలహా ఇచ్చేదీ మందుల కొట్టాయనే. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆగుదామన్నా కాయ ముదిరితే కొనేవాడుండడు.

దారి లేకపోలేదు. పాత ఖమ్మం జిల్లా పునుకుల గ్రామ రైతులు పత్తి, మిరప పండిస్తూనే వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలతో 2003 నాటికి పురుగుమందు మానేశారు. ఆ పనిలో మహిళా సంఘాలు ముందు నిలిచాయి. మందుల అప్పు భారమూ తగ్గింది.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. కోతకు ముందు ఆగాల్సిన రోజుల్ని డబ్బాల మీద తెలుగులో పెద్దక్షరాలతో వేయాలి. రైతుబజార్లలో, మార్కెట్ యార్డుల్లో మందు అవశేషాల పరీక్ష పెట్టాలి. అది రైతుకు జరిమానా వేయడానికి కాదు, హెచ్చరించడానికి. హాస్టళ్లకు, మధ్యాహ్న భోజనానికి మందు కొట్టని కూరగాయల్ని రైతు సంఘాల దగ్గరే మంచి ధరకు కొనాలి. మందు మానిన మొదటి ఏళ్లలో దిగుబడి తగ్గితే ప్రభుత్వం భరించాలి.

అడుగుతూనే ఒక పని మన చేతుల్తో మొదలుపెడదాం. ఈ కారు నుంచి కోతకు ముందు ఆగాల్సినన్ని రోజులు ఆగుదాం. పక్క రైతునూ ఆగమందాం. ఇంటి మడికి కొట్టనిది ఊరి మడికీ కొట్టకుండా బతికే రోజు కోసమే ఈ సంఘం. సెలవు.