విద్యుత్ స్కూటరు రాత్రి ఎక్కడ ఉండాలి?



మొరప్పూరుకు పొరుగున ఉన్న కృష్ణగిరి జిల్లాలో, పోచంపల్లిలోను హోసూరులోను, విద్యుత్ స్కూటర్ల కర్మాగారాలు వెలిశాయి. (పోచంపల్లి అనగానే మనకు చీరలు గుర్తుకు వస్తాయి, అది తెలంగాణలోని ఊరు.) పెట్రోలు ఖర్చు తప్పుతుందని ఈ బండ్లు కొనడం సహజమే. పెట్రోలు బండ్లకు కూడా నిప్పు అంటుకుంటుంది. కానీ పెట్రోలు బండిని పడకగదిలో నిలిపి ఎవరూ ఇంధనం నింపరు. విద్యుత్ బండి విషయంలో మాత్రం ఇంచుమించు అదే జరుగుతున్నది.

2022 మార్చిలో వేలూరులో రాత్రి ఛార్జింగుకు పెట్టిన స్కూటరు అంటుకొని, ఇంట్లో ఉన్న తండ్రీ కూతురూ పొగకు ఊపిరాడక మరణించారు. ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు, కొద్ది రోజులకే విజయవాడలో పడకగదిలోని బ్యాటరీ పేలి ఒక గృహస్థుడు కన్నుమూశారు. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, విద్యుత్ స్కూటర్ల దుకాణంలో రేగిన మంటల పొగ పై అంతస్తులలోని హోటలును కమ్మివేయగా ఎనిమిది మంది మరణించారు. నాలుగు చోట్లా బ్యాటరీ ఉన్నది మనుషులు ఉండే చోటికి దగ్గరలోనే.

లిథియం అయాన్ బ్యాటరీలో చిన్న చిన్న సెల్‌లు పక్కపక్కనే ఉంటాయి. లోపలి లోపం వల్లగాని, దెబ్బ తగలడం వల్లగాని, సరిపడని ఛార్జరు వల్లగాని ఒక సెల్ మితిమీరి వేడెక్కితే, ఆ వేడి పక్క సెల్‌కు పాకుతుంది. తరువాత కరెంటు ఆపినా ఆ చర్య ఆగదు. మంట కంటే ముందే విషవాయువులతో కూడిన పొగ గదిని నింపవచ్చు. నిద్రలో ఉన్నవారికి మేలుకొనే వ్యవధి కూడా చిక్కకపోవచ్చు.

తప్పంతా కొన్నవారిదే అనడం న్యాయం కాదు. ఆ ప్రమాదాల తరువాత కేంద్ర ప్రభుత్వమే బ్యాటరీ ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుండి ఒక విడతగా, 2023 మార్చి 31 నుండి మరో విడతగా అమలులోకి తెచ్చింది. కనుక పాత బండి కొనేవారు ధరకంటే ముందు, బ్యాటరీ తయారైన తేదీ అడగాలి.

అసలు చిక్కు అద్దె ఇళ్ళలో ఉన్నది. ఒకే తలుపు ఉన్న ఇంటిలో, దొంగల భయంతో బండిని ఆ తలుపు లోపలే నిలిపి, ఎక్స్‌టెన్షన్ వైరుతో ఛార్జింగు పెడతారు. అది అంటుకుంటే బయటికి దారి లేదు. ఇంటి యజమానితో మాట్లాడి, బయటి గోడకు ఎర్తింగు, ఎం.సి.బి. ఉన్న ప్రత్యేక ప్లగ్ పెట్టించుకోవడం మేలు. సాధారణ స్కూటరు నిండడానికి మూడు నాలుగు యూనిట్లు చాలునని లెక్క చెబితే చాలామంది యజమానులు కాదనరు. మెట్ల కింద మాత్రం వద్దు. పై అంతస్తువారికి దిగే దారి అదే.

కంపెనీ ఇచ్చిన ఛార్జరునే వాడాలి. ఎండలో తిరిగివచ్చిన బండిని చల్లారనిచ్చి, మెలకువగా ఉన్న వేళలోనే ఛార్జింగు పెట్టాలి. బ్యాటరీ ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా, బుసకొట్టినట్లు చప్పుడైనా వాడకం మానాలి. పొగ కనిపిస్తే బండిని బయటికి లాగబోకుండా, పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని వెలుపలికి వచ్చి 101కు ఫోను చేయాలి. ఆరినట్లు కనిపించిన బ్యాటరీ కొన్ని గంటల తరువాత మళ్ళీ అంటుకోవచ్చు. దానిని తిరిగి ఇంట్లోకి తేరాదు.